ఎర్రగా బుర్రగా

ఫిబ్రవరి 4, 2007, ఆదివారం. తాడేపల్లిగూడెం

ఈ డైరీ చేపల మేత కంపెనీ వాళ్ళు మా ఆయనకిచ్చింది. అట్ట మీద ఇంత లావు బొచ్చె చేప. ఆయన రాసేదేముంది, సంతకం పెట్టడానికే బద్ధకం. జనవరి నెలంతా టీవీ మీద పడుండి దుమ్ము కొట్టుకుపోయింది. ఇక నాదే అని తీసేసుకున్నాను.

ఇవాళ్టి సంగతి ఇది. నిన్న మా పుట్టింటికొచ్చాం. పొద్దున్న అమ్మ అల్లుడిగారికి వేణ్ణీళ్ళు తోడింది. స్నానం చేసొచ్చి ఆయన అరగంట గోక్కున్నారు. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు, ఉత్త దురద. తువ్వాలు వీపు మీద వేసుకుని రంపం లాగినట్టు లాగుతున్నారు. అమ్మ ముందు నాకు సిగ్గేసింది.

మా ఊళ్ళో ఇదే దురదకి ఇన్నాళ్ళూ చెరువు నీళ్ళని తిట్టాం. చేపల చెరువులో రోజూ దిగే మనిషి, కోళ్ళ ఎరువు, మందులు, గోక్కోకుండా ఎలా ఉంటాడు అనుకున్నాం. పోయినేడు సర్కారు వాళ్ళు కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేశాక భీమడోలు అవతల వేరే చెరువు కౌలుకి పట్టాం. అక్కడా దురదే. సరే, అదీ చెరువే కదా. మరి గూడెం మున్సిపాలిటీ కుళాయికేం రోగం?

అమ్మ మాత్రం, వేడి శరీరమే భానూ, కాస్త మజ్జిగ పొయ్యవే అంది. మా అమ్మ మంగతాయారుకి లోకంలో ప్రతి రోగానికీ మజ్జిగే.

ఫిబ్రవరి 6, మంగళవారం

ఊరొచ్చేశాం. వచ్చీ రాగానే మా అత్తగారు లక్ష్మమ్మ కొడుకుని గుమ్మంలోనే నిలబెట్టి దిష్టి తీసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు. పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. చూశావా ఎంత దిష్టో, కాలినా ఒక్కరికీ దగ్గు రాలేదు అని నాకేసి చూసింది. దిష్టి నేనే పెట్టినట్టు.

ఆవిడ భయంలో అబద్ధం లేదు. ఆయన ఎర్రగా బుర్రగా ఉంటారు. ఈ రెండేళ్ళలో ఇంకా ఎర్రబడ్డారు. బుగ్గలు, చెవులు, అరిచేతులు. కొల్లేటి ఎండలో పనిచేసే వాళ్ళంతా నల్లబడితే మా ఆయన పెద్దింటయ్యగారు మాత్రం దానిమ్మకాయలా తయారయ్యారు. భీమడోలు టీ కొట్టు దగ్గర ఆడవాళ్ళు, ఏం పెడుతున్నావమ్మా మీ ఆయనకి అని అడుగుతారు. ఏముందండీ, అందరూ తినేదే అంటాను. లోపల మాత్రం గర్వమే. ఎందుకు దాచుకోవడం, ఇది నా డైరీయే కదా.

ఫిబ్రవరి 19, సోమవారం

వారం నుంచి తలనొప్పి. మా ఊరి ఆర్‌ఎంపీ దేవదానం గారు ఇంటికొచ్చి రక్తం తీసి, సన్న గాజు గొట్టంలో పోసి, గంట సేపు నిలబెట్టి చూశారు. ఈఎస్సార్ టెస్టట. ఎర్రది కిందికి దిగాలి, ఎంత దిగితే అంత రోగమట. ఆయనది ఒక్క గీతే దిగింది. ఒకటి! దేవదానం గారు గొట్టం ఎత్తి అందరికీ చూపించారు. నా సర్వీసులో ఇంత మంచి ఈఎస్సార్ చూళ్ళేదండీ, ఒంట్లో రోగమన్నదే లేదు అన్నారు. దురదకి బిళ్ళలిచ్చి వెళ్ళారు.

ఆయన సాయంత్రం దాకా అదే చెప్పుకు తిరిగారు. టెన్త్‌లో కూడా ఫస్టు క్లాసు రాని మనిషి.

ఫిబ్రవరి 26

అరికాళ్ళు మంటలట. తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటున్నారు. ఫస్టు క్లాసు ఈఎస్సార్!

మార్చి 2, శుక్రవారం. ఏలూరు వెళ్ళొచ్చి

పొద్దున్న చెరువు గట్టు మీద తవుడు బస్తా ఎత్తుతూ ఆయన పడిపోయారు. కళ్ళు చీకట్లు కమ్మాయట. నీళ్ళలోకి పడుంటే ఏమయ్యేదో. దేవదానం గారు మళ్ళీ గొట్టం తీసుకొస్తానన్నారు. మీ గొట్టానికో దణ్ణం అని చెప్పి పాసింజరెక్కించి ఏలూరు తీసుకుపోయాను.

రాజరత్నం గారని పెద్ద డాక్టరు. మెల్లగా మాట్లాడతారు. మా ఆయన అరిచేతులు తిప్పి చూశారు, కింది రెప్ప లాగి చూశారు, ఎడం డొక్క కింద నొక్కి చూశారు. స్నానం చేశాక దురద పెడుతుందా అని అడిగారు. మేమసలు ఆ మాట ఎత్తలేదు! ఆయనా నేనూ మొహాలు చూసుకున్నాం.

కింద ల్యాబులో అర్షద్ అనే కుర్రాడు రక్తం తీశాడు. నల్లగా, చిక్కగా, సిరంజిలోకి బతిమాలితే వచ్చినట్టు వచ్చింది. గిర్రున తిప్పే మిషన్లో పెట్టి తీశాక రెండు గొట్టాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఎవరిదో. అందులో ఎర్రది సగం కూడా లేదు, పైనంతా లేత పసుపు నీరు. ఆయన గొట్టంలో ఎర్రది చాలా పైదాకా ఉంది. పైన కాస్తే నీరు, ఆవకాయ జాడీలో నూనె తేలినట్టు. నూటికి అరవై నాలుగు పాళ్ళు ఎర్రదేనండీ అన్నాడు. నలభై అయిదు దాటకూడదట.

నేను డాక్టరుగారితో ఈఎస్సార్ ఒకటేనండీ అని గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు. కణాలు అంత కిక్కిరిసి ఉంటే దిగడానికి చోటెక్కడుందమ్మా అన్నారు.

రోగం పేరు పాలిసైథీమియా. ఎముకల్లో మూలుగ ఎర్ర కణాల్ని అక్కర్లేకపోయినా తయారు చేసి పడేస్తోందట. రక్తం ఎక్కువైందట. నాకు నవ్వొచ్చింది. రక్తం లేక చచ్చేవాళ్ళని చూశాం గానీ ఎక్కువై చచ్చేవాళ్ళుంటారా? ఉంటారట. సన్నటి నాళాల్లో ఎర్ర కణాలు ఒక్కొక్కటే ఒంగి, మెలి తిరిగి, దూరి పోవాలట. గుంపుగా వచ్చి పడితే రక్తం చిక్కబడి నడక మందగిస్తుంది, ఎక్కడో గడ్డ కడుతుంది. మెదడులో అయితే పక్షవాతం. గుండెలో అయితే ఇక చెప్పక్కర్లేదు. పూర్తిగా పోయే జబ్బు కాదు, నలభై అయిదు లోపు ఉంచుకుంటే ఏళ్ళ తరబడి హాయిగా బతకొచ్చు అన్నారు. మా ఆయన వయసు ముప్పై ఎనిమిది.

వైద్యం ఏంటంటే రక్తం తీసెయ్యడం. రోజూ చిన్న ఆస్పిరిన్ బిళ్ళ. పథ్యమేమన్నా ఉందాండీ అంటే ఏమీ లేదమ్మా, మామూలుగా తినొచ్చు, నీళ్ళు బాగా తాగమనండి అన్నారు.

ఒక సంచీడు రక్తం తీశారు. తీసి, చెత్త బుట్టలో వేశారు. గోడ మీద రక్తదానం ప్రాణదానం అని బోర్డు, సరిగ్గా దాని కింద బుట్ట. ఎవరికైనా ఎక్కించొచ్చుగా అని నర్సమ్మనడిగాను. రోగం ఉన్నవాళ్ళది ఎక్కించకూడదండీ అంది. నా కడుపు మండిపోయింది. అది ఆయన తిన్న తిండి. నేను వండి పెట్టిన తిండి.

మార్చి 3, శనివారం

రాత్రంతా నిద్ర లేదు. తెల్లారేసరికి నాకు అర్థమైంది.

చెరువులో నీళ్ళు ముక్కిపోయి చిక్కగా పచ్చబడితే ఏం చేస్తాం? తూము తీసి సగం వదిలేస్తాం. వదిలేసి చేతులు కట్టుకుని కూర్చుంటామా? మోటారేసి కొత్తనీళ్ళు పెడతాం. నీళ్ళు మార్చడమంటే రెండూ చెయ్యాలి. ఆయన ఒంట్లో రక్తం ముక్కిపోయి చిక్కబడింది. డాక్టరుగారు తూము తీశారు. మోటారు వెయ్యాల్సింది నేను. ఆయన తీసినప్పుడల్లా నేను కొత్త రక్తం పట్టించాలి. ఆ మాట డాక్టర్లు చెప్పరు, ఇంట్లో ఆడవాళ్ళే తెలుసుకోవాలి.

సెల్‌లో అమ్మతో మాట్లాడాను. అక్క కడుపుతో ఉన్నప్పుడు రక్తం లేదంటే ఐరన్ టానిక్ రాశారు, రెండు నెలల్లో ఎర్రగా అయింది, అదే పంపిస్తాను అంది. మజ్జిగ మాటెత్తలేదు, అదే పదివేలు.

ఇవాళ వంట: మేక కార్జం వేపుడు, మునగాకు పప్పు. అత్తగారు నల్లబెల్లం, నువ్వులు దంచి చిమ్మిలి చేసింది. ఆవిడా నేనూ ఒక మాట మీద ఉండడం పెళ్ళయ్యాక ఇదే మొదలు.

మార్చి 9, శుక్రవారం

ఇంకో సంచీ తీశారు. ఇంటికి రాగానే కార్జం.

మార్చి 11

గూడెం బస్సులో టానిక్ సీసాలొచ్చాయి. చెంచాడు నోట్లో పోశానో లేదో ఆయన ఊసేశారు. మేకులు నాకినట్టుందట. చంపినా తాగనన్నారు. సరే, మనకి తెలివి లేదా? పొద్దున్న రాగిజావలో నల్లబెల్లం దండిగా వేసి, దాంట్లో ఒక మూత కలిపేశాను. రంగు కనపడలేదు. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చేశారు.

చంటి పిల్లల్తో, మొగుళ్ళతో ఇంతే. అడిగి పెడితే తినరు.

మార్చి 30, శుక్రవారం. రాత్రి

యాభై మూడు! వారం వారం తీస్తే అరవై నాలుగు నుంచి యాభై మూడుకొచ్చింది. తలనొప్పి పోయింది. తల మీంచి తట్ట దించినట్టుంది అంటున్నారు. అరికాళ్ళ మంటలు లేవు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దెందులూరు దాకా ఈల వేస్తూనే ఉన్నారు. డ్రైవరు రెండు సార్లు వెనక్కి తిరిగి చూశాడు.

డాక్టరుగారు సంతోషించారు. ఇక నెలకోసారి రండి, దిగింది నిలబడుతుంది అన్నారు. నేను వినయంగా తలూపాను. సగం గొప్ప నాదే మరి.

ఏప్రిల్ 15

చెరువులో పట్టుబడి. తొమ్మిది మంది వల లాగారు. ఆయన కూడా లాగారు. బొచ్చెలు బాగా తూగాయి. ఐసు పెట్టెల్లో సర్ది లారీ ఎక్కించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మళ్ళీ మొహం నిగనిగలాడుతోంది, ఎరుపు తిరిగింది, వైద్యం పనిచేసింది అని అందరూ అన్నారు. అత్తగారు దిష్టి తీసింది. ఈసారీ ఘాటు రాలేదు.

ఏప్రిల్ 27

తలనొప్పి అంటున్నారు. ఎండలు కదా.

మే 4, శుక్రవారం

యాభై తొమ్మిది. నాకేం అర్థం కావడం లేదు.

డాక్టరుగారికీ అర్థం కాలేదట. నేనా టైములో కింద మందుల షాపులో ఉన్నాను, టానిక్ సీసా కొంటూ. గూడెం నుంచి వచ్చేదాకా ఆగలేక. పైన డాక్టరుగారు ఆయన్ని గుచ్చి గుచ్చి అడిగారట. బలానికేమన్నా వాడుతున్నారా, టానిక్కులూ అవీ అని. ఆయన లేదండీ అని చెప్పారట. నిజమే కదా, ఆయనకి తెలిస్తేగా. ఇంత తొందరగా మళ్ళీ పైకెక్కడం మామూలు కాదు, మూలుగని అదుపు చేసే మందు కూడా వెయ్యాల్సొస్తుందేమో, తగ్గకపోతే హైదరాబాదు పంపి పెద్ద పరీక్షలు చేయించాలి అన్నారట. ఇంకో సంచీ తీసి పంపారు.

బస్సులో ఆయన ఇవన్నీ చెబుతుంటే నేను డాక్టరుగారి మొహం ఎలా ఉంది అనడిగాను. భయపడ్డట్టుంది అన్నారు. ఇంత పెద్ద డాక్టరు భయపడితే ఇక మనమెంత.

హైదరాబాదు దాకా పోనివ్వను. రేపట్నించి జావలో రెండు మూతలు.

మే 12

ఎడం చెయ్యి తిమ్మిరెక్కిందన్నారు. కాసేపటికి పోయింది.

మే 18, శుక్రవారం. ఏలూరు ఆస్పత్రిలో, మధ్యాహ్నం

 ఇప్పుడే రాసేస్తాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పొద్దున్న ఆరింటికి జావ గ్లాసిచ్చాను. ఒక గుక్క తాగారు. జావ నోటి ఎడం మూల నుంచి కారిపోయి చొక్కా మీద పడింది. ఏంటండీ చిన్నపిల్లాడిలా అని విసుక్కున్నాను. ఆయన నాకేసి చూశారు. మూతి వంకర పోయింది. నన్ను పిలవబోయారు, భానూ అని. బా బా అని వచ్చింది. మళ్ళీ పిలిచారు. మళ్ళీ అదే. ఆయన కళ్ళల్లో భయం నేనెప్పుడూ చూళ్ళేదు, కొల్లేట్లో చెరువులు కొట్టేస్తున్న రోజు కూడా చూళ్ళేదు. అత్తగారు గోడకి తల కొట్టుకుంటోంది. ఆవిణ్ణి పట్టుకోనా, ఈయన్ని పట్టుకోనా?

ఆటోలో భీమడోలు, అక్కణ్ణుంచి టాక్సీ. ఒళ్ళో తల పెట్టుకుని మూతిని చేత్తో సరిచేస్తూ కూర్చున్నాను, పిండి ముద్దలా సరవుతుందన్నట్టు. ద్వారకా తిరుమల వెంకన్నకి గుండు మొక్కాను, ఆయన గుండే. దెందులూరు దాటుతుండగా మాట తిరిగొచ్చింది. మొట్టమొదటి మాట ఏంటో తెలుసా? మేత వేశారా అని. చేపలకి మేత! నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చి భుజం మీద ఒక్కటిచ్చాను. డ్రైవరు ఏమనుకున్నాడో.

అరవై రెండు ఉందట. దీన్ని హెచ్చరిక అనుకోండి అన్నారు రాజరత్నం గారు. గడ్డ దానంతట అదే విడిపోయింది, రెండోసారి విడుస్తుందని చెప్పలేను అన్నారు.  ఇంతకన్నా ఏం చెయ్యను? అన్నీ చేస్తూనే ఉన్నాను.

మే 19, శనివారం. ఆస్పత్రి

పక్క మంచం ఆవిడ పేరు సుగ్రా. ఏలూర్లోనే జాకెట్లు కుడతారు. సున్నం వేసిన గోడలా ఉంది మొహం. ఆవిడకి రక్తం ఆరు గ్రాములే ఉందట, ఎక్కిస్తున్నారు. ఈయనకి తీస్తున్నారు. రెండు మంచాల మధ్య నేను స్టూలు మీద. దేవుడు పంచడంలో లెక్క తప్పాడండీ అన్నాను. ఆవిడ నవ్వారు, పాపం నవ్వడానికీ ఓపిక లేదు.

ఆవిడ కిటికీలో సీసా చూశాను. అదే సీసా, అదే ఎర్ర మూత. మా ఇంట్లోనూ ఇదే వాడుతున్నామండీ అన్నాను. ఎవరికండీ అని అడిగారు. ఈయనకే అని చెప్పాను, రక్తం తీసేస్తున్నారు కదా, మళ్ళీ పట్టాలిగా, జావలో కలిపి ఇస్తున్నాను, తెలియనివ్వకుండా. ఆయన అప్పుడు నిద్రపోతున్నారు. సుగ్రా గారు ఆయన ఎర్రటి మొహం వంక చూశారు, సీసా వంక చూశారు.

డాక్టరుగారు రౌండ్సుకొచ్చినప్పుడు ఆవిడే అడిగారు. అమాయకంగానే. ఏవండీ డాక్టరుగారూ, తక్కువున్న నాకూ, ఎక్కువున్న ఆయనకీ ఒకటే టానిక్కాండీ అని.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. ఎన్నాళ్ళ నుంచి అన్నారు. మార్చి నుంచి అన్నాను. అరుస్తారనుకున్నాను. అరవలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఎందుకు అని అడిగారు. నేను తూము సంగతి, మోటారు సంగతి, నీళ్ళు మార్చడం, అంతా చెప్పాను. 

ఆయన చెప్పింది ఇది. మీ ఆయన రక్తం చెడిపోలేదమ్మా. ఒక్కో కణమూ మంచిదే. ఎక్కువున్నాయి, అంతే. కణం తయారవడానికి ఇనుము కావాలి. నేను తీసేది రక్తమనుకుంటున్నారు మీరు, దాంతోపాటు నేను తీసేది ఇనుము. ఇనుము కరువైతే మూలుగ ఎంత ఆత్రపడ్డా తయారు చెయ్యలేదు. ఆ కరువే వైద్యం. మీరు రోజూ ఆ కరువు తీరుస్తున్నారు అన్నారు. పథ్యం లేదన్నాను గానీ టానిక్ వద్దని విడిగా చెప్పాల్సింది, మిమ్మల్నడక్కుండా ఈయన్నొక్కణ్ణే అడిగాను అని కూడా అన్నారు.

మంచిదే, ఎక్కువున్నాయి అంతే. అప్పుడర్థమైంది నాకు. ఇది నీళ్ళు ముక్కిన చెరువు కాదు. చేపపిల్ల ఎక్కువ పోసిన చెరువు. నీళ్ళూ మంచివే, చేపలూ మంచివే, కానీ ఒకదాన్నొకటి ఒరుసుకుని తెల్లారేసరికి గాలాడక నోళ్ళు తెరుచుకుని పైకి తేల్తాయి. దానికి మందు పట్టుబడి ఒక్కటే. కొల్లేటి కోడలికి, పదకొండేళ్ళుగా చెరువు గట్టు మీద బతికేదానికి, ఈ మాత్రం తట్టలేదు. పగలు ఆస్పత్రి వాళ్ళు పట్టుకుంటుంటే పొద్దున్నే లేచి నేను పిల్ల పోస్తున్నాను. మేత కూడా వేస్తున్నాను. రెండు మూతలు.

ఆయన్ని నేనే చంపబోయాను. వేరేగా రాయడం రావట్లేదు.

మే 20, ఆదివారం

ఆయన అంతా విన్నారట నిన్న. నిద్ర పోలేదట, ఊరికే కళ్ళు మూసుకున్నారట. పొద్దున్న నేను మొహం కడుగుతుంటే అన్నారు, జావలో తుప్పు వాసన రోజూ వచ్చేదే అని.

మరి ఎందుకు తాగారండీ అన్నాను.

నువ్వు గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేదానివి కదా అన్నారు.

నేను బాత్రూములోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

మే 27

ఇంట్లో సీసాలన్నీ పెంట మీద పారబోశాను. నల్లటి మరక పడింది. కార్జం బంద్. మామూలు అన్నం, పప్పు, బీరకాయ, కొర్రమీను పులుసు. తిండి తగ్గించమనలేదు డాక్టరుగారు, టానిక్, ఐరన్ బిళ్ళలు మాత్రం ఇంట్లోకి రానివ్వద్దన్నారు. కార్జం రోజూ పెట్టే వంటా అన్నారు.

అత్తగారికి చెప్పాను. ఇనుము తక్కువైతేనే నీ కొడుకు బతుకుతాడు అని. ఆవిడ నమ్మలేదు. నమ్మేమాటా ఇది? నన్నడిగితే మార్చిలో నేనూ నమ్మేదాన్ని కాదు.

జూన్ 8, శుక్రవారం

యాభై ఆరు. తీశారు.

జూన్ 17

మంచం కింద చిమ్మిలి డబ్బా దొరికింది. అత్తగారు రోజూ చెరువు దగ్గరికి ఒడిలో పెట్టుకెళుతోందట. ఆయన అమ్మ మాట కాదనలేక తింటున్నారట! ఈయనకి ఎవరు పెట్టినా కాదనడం రాదు, అదే అసలు జబ్బు.

గొడవైంది. పెద్ద గొడవే. నా కొడుకుని ఎండబెట్టి ఎవరికి వడ్డిద్దామని అంది. నేనూ ఊరుకోలేదు, నోటికొచ్చిందల్లా అన్నాను. చివరికి మే పద్దెనిమిదో తారీఖు పొద్దున్న గుర్తుందా అత్తయ్యా అన్నాను. ఆవిడ కూలబడిపోయింది. ఆ వంకర మూతి ఆవిడా చూసింది కదా. డబ్బా తీసుకెళ్ళి వీధిలో పిల్లలకి పంచిపెట్టింది. నమ్మిందని కాదు. భయపడింది. నాకదే చాలు.

జులై 13, శుక్రవారం

నలభై ఎనిమిది. తలనొప్పి లేదు. దురద కాస్త ఉంది, ఉండనీ. నలభై అయిదు లోపు దిగితే ద్వారకా తిరుమల మొక్కు తీర్చేద్దామనుకున్నాం.

ఆగస్టు 3

వల లాగడానికి వెళ్ళి సగంలో గట్టు మీద కూర్చుండిపోయారట. ఆయాసం కాదు, నీరసం. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కొంచెం కార్జం తినాలనుంది అన్నారు. అడిగి తినే మనిషి కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను ఫలానాది వండమని అడగడం ఎప్పుడూ లేదు.

పొయ్యి దగ్గరికెళ్ళి నిలబడ్డాను. నిలబడి నిలబడి, సొరకాయ కూరే తెచ్చి వడ్డించాను. తిన్నారు. నేను తినలేకపోయాను.

ఆగస్టు 17, శుక్రవారం

నలభై నాలుగు.

అర్షద్ గొట్టం ఎత్తి చూపించాడు. సగం కన్నా కింద ఆగింది ఎరుపు. పైన ఎంత నీరో. బంగారు రంగు నీరు. ఆ కుర్రాడు నవ్వుతున్నాడు. డాక్టరుగారు ఇలాగే ఉంచండి, ఈసారి తియ్యక్కర్లేదు అన్నారు. మెట్ల మీద సుగ్రా గారు ఎదురయ్యారు. బుగ్గల్లో కాస్త ఎరుపు తిరిగింది. ఆవిడ ఈయన్ని చూసి, ఈయన ఆవిణ్ణి చూసి, ఇద్దరూ రంగులు మార్చుకున్నామండీ అని నవ్వుకున్నారు.

ఆగస్టు 24

భీమడోలు సంతలో టీ కొట్టావిడ నన్ను పక్కకి లాగింది. మీ ఆయన అలా పాలిపోయాడేంటమ్మా అంది. గొంతు తగ్గించి, ఆ టెస్టు చేయించారా అంది. ఆ టెస్టు అంటే ఏ టెస్టో నాకు తెలుసు. ఎయిడ్సని ఊరంతా అనుకుంటోందట. కొందరు మాత్రం పెళ్ళాం తిండి పెట్టట్లేదంటున్నారట.

ఇదివరకు ఇదే కొట్టు దగ్గర ఏం పెడుతున్నావమ్మా అని అడిగిన ఆవిడే. ఒంట్లో రక్తం ఎక్కువైతే తీయించామండీ అని చెప్పాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పోనీ. ఎంతమందికని గొట్టాలు చూపిస్తాం?

సెప్టెంబరు 1, శనివారం. ద్వారకా తిరుమల

మొక్కు తీరింది. కల్యాణకట్టలో ఆయన గుండు చేయించుకుంటుంటే పక్కన నిలబడ్డాను. జుట్టు పోతున్న కొద్దీ లోపల మాడు బయటపడింది. కాగితంలా తెల్లగా ఉంది. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. కిందికి దిగి వస్తుంటే మెట్ల మీద మూడుసార్లు ఆగారు. ప్రతిసారీ చెరువు గురించే ఏదో ఒకటి మాట్లాడారు, ఆగింది అందుకే అన్నట్టు. నేనూ ఆగి విన్నాను.

సెప్టెంబరు 2, ఆదివారం

సాయంత్రం అత్తగారితో దిష్టి తియ్యమన్నాను. ఈ మొహానికి ఇంక ఎవరి దిష్టి తగులుతుందే అని ఏడ్చింది.

నేనే తీశాను. ఉప్పు, ఎండుమిరపకాయలు. గుమ్మంలో నిలబడ్డారు, గుండుతో, తెల్లగా పాలిపోయి. అంత బాగా నేనాయన్ని ఎప్పుడూ చూళ్ళేదు.

పొయ్యిలో వేశాను. ఘాటు కొట్టి ఇంటిల్లిపాదీ దగ్గాం.